మాటకు చెక్కుబందీ: సాంకేతిక రచనలో విరామ చిహ్నాలు, ఉద్ధరణ చిహ్నాలు

విరామ చిహ్నాలు అనగానే విద్యార్థికి పరీక్షలోని ఒకటి రెండు మార్కుల ప్రశ్న జ్ఞాపకం వస్తుంది. పరీక్ష ముగిసిన మరునాటికి అవి మరపున పడతాయి. కథలోనో, లేఖలోనో ఒక కామా తప్పిపోయినంత మాత్రాన ప్రమాదమేమీ లేదు. పాఠకుడు సందర్భాన్ని బట్టి సవరించుకొని చదువుకుంటాడు. అయితే అట్లా సవరించుకొనుటకు వీలులేని రచనలు కొన్ని ఉన్నవి. భూమి దస్తావేజు, వైద్యుని మందుచీటీ, ప్రయోగశాల రికార్డు, నీటి మోటారుతో పాటు వచ్చే సూచనల పుస్తకం, కంప్యూటరుకు ఇచ్చే ఆదేశం మొదలయినవన్నీ ఈ కోవకు చెందిన సాంకేతిక రచనలే. వీటిని చదివేవాడు రచయిత మనసులోని ఉద్దేశాన్ని ఊహించడు, ఊహించరాదు కూడ. కాగితం మీద ఉన్నదానినే ఆచరిస్తాడు. అక్కడ చుక్క, గీత, కామా అలంకారాలు కావు. అక్షరాలకు ఎంత అర్థం ఉన్నదో వాటికీ అంత అర్థం ఉన్నది.

ఈ సంగతి నాకు గ్రంథపఠనం వల్ల కాక అనుభవం వల్ల తెలిసింది. మా పినతండ్రిగారు వరికుంటపాడు ప్రాంతంలో కొంత మెట్టభూమి కొన్నారు. ఇంట్లో తెలుగు ఎం.ఏ. చదివినవాణ్ణి గనుక దస్తావేజు ముసాయిదాను చదివి తప్పులు దిద్దే పని నాకు అప్పగించారు. నేను శ్రద్ధగానే చదివాను. ఒక చోట వత్తు సరిచేశాను. రెండు చోట్ల దీర్ఘం పెట్టాను. కాని సర్వే నంబరు “214/3” అని ఉండవలసిన చోట “214, 3” అని ఉన్న సంగతి నా కంటికి ఆనలేదు. ఏటవాలు గీత ఉంటే అది 214వ నంబరులోని మూడవ భాగం. కామా ఉంటే 214 ఒక పొలం, 3 మరొక పొలం. ఆ రెండింటిలో ఒకటి మొత్తంగా మాది కాదు. రెండవది అసలే మాది కాదు. కొన్నేండ్ల తరువాత పంట రుణానికి వెళ్ళినప్పుడు ఆ తేడా బయటపడింది. సవరణ దస్తావేజు రాయించవలసి వచ్చింది. అమ్మినవారు ముగ్గురు అన్నదమ్ములు. వారిలో ఒకరు కువైట్‌లో ఉన్నారు. ఆయన సెలవు మీద వచ్చేదాకా ఆరు నెలలు ఆగాము. ఆ ఏటి అదను దాటిపోయింది. “ఒక్క గీతకేనా నాయనా ఇంత తిరుగుడు?” అని పినతండ్రిగారు అడిగినప్పుడు నేను జవాబు చెప్పలేకపోయాను. ఆనాడు చెప్పలేకపోయిన జవాబునే ఈ వ్యాసంలో విద్యార్థులకు చెప్పదలచాను.

పూర్వుల రీతి

మన ప్రాచీన లేఖనంలో నేటి విరామ చిహ్నాలు లేవు. తాటాకు గ్రంథాలలో మాటకూ మాటకూ మధ్య ఎడం కూడ కానరాదు. పద్యం ముగిసిన చోట ఒక నిలువు గీతయో, రెండు నిలువు గీతలో వేసేవారు. పద్యానికి అది చాలును. గణాలు, యతి, ప్రాస ఉన్నవి గనుక పాదం ఎక్కడ ముగిసినదీ చెవియే చెబుతుంది. వచనానికి ఆ ఆధారం లేదు.

మరి ఆనాటి కరణాలు దస్తావేజులు ఎట్లా నడిపించారు? చిహ్నం లేని చోట మాటను కాపలా పెట్టారు. ముందు చెప్పిన మనిషినో భూమినో తిరిగి చెప్పవలసి వస్తే “సదరు” అన్నారు, “మజ్కూరు” అన్నారు. సొమ్మును అంకెలలో రాసి, వెంటనే “అక్షరాల” అంటూ మాటలలో మరల రాశారు. అంకె చెరిగినా మాట నిలుస్తుంది. భూమికి తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం దిక్కులలో ఏమున్నదో వరుసగా చెప్పి చెక్కుబందీ కట్టారు. దస్తావేజు, నకలు, అసలు, హద్దు, దాఖలా అనే మాటలు అరబ్బీ పారశీకాల నుండి వచ్చి మన పల్లెల కచేరీ భాషలో స్థిరపడినవి. ఉర్దూ విద్యార్థికీ తెలుగు విద్యార్థికీ ఇవి ఉమ్మడి సొత్తు. “చెక్కుబందీ”, “నకలు” అనే రెండు మాటలను పాఠకులు గుర్తుంచుకోవలెను. మన విషయానికి అవే కీలకం.

అచ్చుయంత్రం వచ్చిన తరువాత ఈ స్థితి మారింది. మన పొరుగున ఉన్న కడపకు 1820లో ఉద్యోగిగా వచ్చిన సి.పి. బ్రౌన్ తాళపత్ర ప్రతులను సేకరించి, పాఠాలు పోల్చి, పరిష్కరింపజేసిన సంగతి విదితమే. ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో వెలువడింది. నిఘంటువు వంటి గ్రంథం చిహ్నాలు లేకుండా ఒక్క పుట కూడ నడవదు. ఒక అర్థానికీ మరొక అర్థానికీ మధ్య ఏదో ఒక హద్దు ఉండవలెను. అర్థం ఏదో, ఉదాహరణ ఏదో తెలియవలెను. ఈ విధంగా అచ్చుపుస్తకాల ద్వారా, ఇంగ్లీషు చదువుల ద్వారా కామా, చుక్క, ప్రశ్నార్థకం, ఉద్ధరణ చిహ్నం తెలుగులో ప్రవేశించినవి.

ఉర్దూలోను ఇంచుమించు ఇదే చరిత్ర. ఈ చిహ్నాల ఆవశ్యకతను గురించి సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ 19వ శతాబ్దంలోనే చర్చించారు. మనం స్వల్పవిరామం అనే కామాను ఉర్దూలో సక్తా అంటారు. పూర్ణబిందువును ఖత్మా అంటారు. కుండలీకరణాలను ఖౌసైన్, అనగా రెండు విల్లులు అంటారు. ఉద్ధరణ చిహ్నాల పేరు వావైన్. అవి రెండు ‘వావ్’ అక్షరాల వలె కనిపిస్తాయి గనుక ఆ పేరు వచ్చింది. ఉర్దూ అక్షరాలకు నుఖ్తాలు ఉన్నవి గనుక వాక్యాంతంలో చుక్క పెడితే అది ఏ అక్షరానిదో అనే భ్రాంతి కలుగుతుంది. అందుచేత అక్కడ చుక్కకు బదులు చిన్న అడ్డగీత వేస్తారు. చిహ్నం ఆ లిపి స్వభావానికి లోబడి ఉండవలెననుటకు ఇది మంచి నిదర్శనం.

ఆగవలసిన చోట ఆగకపోతే అర్థం మారుతుందని మన పిల్లలకు ఇంగ్లీషు కామా నేర్పకమునుపే తెలుసు. ఖురాను ప్రతులలో వాక్యాల మీద చిన్న అక్షరాలు కనిపిస్తాయి. ‘మీమ్’ ఉన్న చోట తప్పక ఆగవలెను. ‘లా’ ఉన్న చోట ఆగరాదు. ఈ విరామ సంకేతాల క్రమాన్ని 12వ శతాబ్దపు పండితుడు సజావందీ ఏర్పరచినట్లు చెబుతారు. ఉర్దూ పాఠశాలల్లో “రోకో మత్ జానే దో” అనే వాక్యం చెప్పి నవ్విస్తారు. “రోకో” తరువాత ఆగితే మనిషిని పట్టుకోవలెను. “మత్” తరువాత ఆగితే విడిచిపెట్టవలెను.

తెలుగులో వ్యతిరేకార్థం క్రియలోనే కలిసిపోతుంది గనుక ఈ చిక్కు ఇదే రూపంలో రాదు. కాని మరొక రూపంలో వస్తుంది. “రెండు మాత్రలు ఉదయం సాయంత్రం ఒకటి” అనే మందుచీటీని చూడండి. “రెండు మాత్రలు ఉదయం, సాయంత్రం ఒకటి” అని చదివితే దినానికి మూడు మాత్రలు. “రెండు మాత్రలు: ఉదయం, సాయంత్రం ఒకటి” అని చదివితే రెండే. మాటలు మారలేదు, వరుస మారలేదు. రోగి కడుపులోనికి పోయే మందు మాత్రం మారింది.

‘అని’ చేసే పని, చేయలేని పని

ఇక ఉద్ధరణ చిహ్నాల సంగతి. “తెలుగులో ‘అని’ ఉన్నది గదా, వేరే చిహ్నాలు ఎందుకు?” అని కొందరు అడుగుతారు. ప్రశ్న సమంజసమైనదే. ఒకరి మాటను మరొకరు చెప్పేటప్పుడు ఆ మాట ముగిసిన చోట ‘అని’ చేరుస్తాము. అది ముగింపు హద్దు. కాని ఆ మాట ఎక్కడ మొదలయినదో చెప్పే శక్తి ‘అని’కి లేదు. ఈ వాక్యం పరిశీలించండి:

గుమాస్తా నేను సంతకం చేయలేదని చెప్పాడు.

సంతకం చేయనిది ఎవరు? “గుమాస్తా, ‘నేను సంతకం చేయలేదు’ అని చెప్పాడు” అంటే గుమాస్తా చేయలేదు. “నేను సంతకం చేయలేదు” అనే మాట గుమాస్తా నోటిది కాక, వాక్యం రాసినవాడు తనను గురించి చెప్పుకొన్నదైతే రాసినవాడే చేయలేదు. సంభాషణలో కంఠస్వరం ఈ తేడాను తీరుస్తుంది. వాంగ్మూలంలో కంఠస్వరం ఉండదు. ఆ కాగితం పదేండ్ల తరువాత మరొకరి ముందు తెరిచినప్పుడు రాసినవాడూ ఉండకపోవచ్చు.

ఉర్దూలో దీనికి సరిగా ఎదురు స్థితి. “ఉస్‌నే కహా కె మై కల్ ఆవూంగా” అనే వాక్యంలో ‘కె’ అనే మాట ఉద్ధరణకు ముందు వస్తుంది. అది ప్రవేశ ద్వారం. ఆ ఉద్ధరణ ఎక్కడ ముగిసినదీ చెప్పే మాట లేదు. తెలుగుకు నిర్గమ ద్వారం మాత్రమే ఉన్నది. ఉర్దూకు ప్రవేశ ద్వారం మాత్రమే ఉన్నది. మన ఇండ్లలోని దఖ్ఖనీలో “కల్ ఆతూ బోల్‌కే బోల్యా” అంటాము. ఈ ‘బోల్‌కే’ తెలుగు ‘అని’కి తోబుట్టువు, ఉద్ధరణ వెనుకనే వస్తుంది. తరతరాల సహవాసంలో దక్షిణాది ఉర్దూ ఈ పద్ధతిని ద్రావిడ భాషల నుండి గ్రహించింది. చిన్నచూపు చూడదగిన భాష కాదది. రెండు వ్యాకరణాల స్నేహానికి సాక్షి.

ఒక పక్క హద్దు మాత్రమే చెప్పిన దస్తావేజు చెల్లునా? చెల్లదు. ఉద్ధరణ చిహ్నాలు చేసే పని రెండవ హద్దును కూడ చూపడం. అవి మాటకు చెక్కుబందీ. ఇక్కడి నుండి ఇక్కడి వరకు నకలు. దీని వెలుపల ఉన్నది నా మాట అని అవి ప్రకటిస్తాయి. సాంకేతిక రచనలో ఈ నకలు అక్షరాలా నకలు కావలెను. భావం మాత్రమే చెప్పదలచినప్పుడు చిహ్నాలు లేకుండా ‘అని’తో సరిపెట్టవచ్చు. చిహ్నాలు వేసిన తరువాత లోపల ఒక్క చుక్క కలపరాదు, ఒక్క చుక్క తీయరాదు.

చుక్క లోపలా, వెలుపలా?

ఇక్కడనే పాశ్చాత్య దేశాలలో ఒక పెద్ద వాదం ఉన్నది. అమెరికా అచ్చు సంప్రదాయం ప్రకారం వాక్యాంతపు చుక్కను, కామాను అవి ఉద్ధరణలోనివి కాకపోయినా చిహ్నం లోపలనే వేస్తారు. 1906లో మొదట వెలువడిన చికాగో మాన్యువల్ ఆ సంప్రదాయానికి ప్రమాణగ్రంథం. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ ముద్రణాలయపు హార్ట్స్ రూల్స్ వంటి గ్రంథాలు అర్థాన్ని బట్టి వేయుమంటాయి. చుక్క ఉద్ధరణలోనిదైతే లోపల, వాక్యానిదైతే వెలుపల. సాహిత్యంలో ఏ పద్ధతి పాటించినా నష్టం లేదు. కంప్యూటరు ఆదేశాల విషయంలో నష్టం ఉన్నది. రహస్య సంఖ్య 4571 అనుకొందాము. సూచనలో చుక్కను లోపల వేసి “4571.” అని అచ్చువేస్తే చదివినవాడు చుక్కతో సహా కొడతాడు. తలుపు తెరుచుకోదు. అందుచేత అమెరికాలోను కంప్యూటరు నిపుణులలో పలువురు ఈ విషయంలో అర్థానుసారమైన పద్ధతినే అనుసరిస్తారు.

తెలుగువాడు ఈ విషయంలో అదృష్టవంతుడు. మన వాక్యం క్రియతో ముగుస్తుంది. “4571” అని కొట్టండి. ఇందులో చుక్క తనంతట తానే ఉద్ధరణకు దూరంగా, క్రియ పక్కన పడింది. ‘అని’ మధ్యలో నిలిచి కాపాడింది. అయితే ఇంగ్లీషు కథల అలవాటున కొందరు ‘అని’కి ముందు, చిహ్నం లోపల కామా పెడతారు. కథలో దాన్ని క్షమించవచ్చు. సాంకేతిక రచనలో మానవలెను.

కంప్యూటరు విద్యార్థులు మరొక సంగతి గమనించవలెను. అచ్చుపుస్తకంలో ఉద్ధరణ చిహ్నాలు వంపు తిరిగి ఉంటాయి. తెరిచేది ఒక రూపం, మూసేది మరొక రూపం. 1963లో ఏర్పడిన ఆస్కీ సంకేత పట్టికలో నిటారు రూపం ఒక్కటే ఉన్నది. జంట చిహ్నానికి 34, ఒంటి చిహ్నానికి 39 సంఖ్యలు. ప్రోగ్రాము భాషలు సాధారణంగా ఆ నిటారు రూపాన్నే గుర్తిస్తాయి. లేఖలు టైపు చేసే సాఫ్ట్‌వేర్ మన మేలు కోరి దాన్ని వంపు రూపంగా మారుస్తుంది. అక్కడి నుండి ప్రోగ్రామును నకలు చేసిన విద్యార్థి, అన్నీ సరిగానే ఉన్నవి గదా, తప్పు ఎక్కడ అని గంటలకొద్దీ వెదుకుతాడు. అదే విధంగా కామాలతో గడులను విడదీసే పట్టిక ఫైలులో వరికుంటపాడు, నెల్లూరు జిల్లా అని చిరునామా రాస్తే అది రెండు గడులుగా చీలిపోతుంది. ఉద్ధరణ చిహ్నాల మధ్య రాస్తే ఒకే గడిగా నిలుస్తుంది. యంత్రానికి కూడ చెక్కుబందీ కావలెను.

అంకెల మధ్య గుర్తులు

సాంకేతిక రచనలో ఎక్కువ నష్టం కలిగించేవి అంకెల మధ్య గుర్తులు. మన ప్రాంతంలో ఎకరానికి నూరు సెంట్లు. 1.05 అంటే ఎకరా అయిదు సెంట్లు, 1.5 అంటే ఎకరా యాభై సెంట్లు. ఒక సున్న లోపిస్తే నలభై అయిదు సెంట్లు తేడా. తెలంగాణలో ఎకరానికి నలభై గుంటలు. అక్కడ 1-20 అంటే ఎకరంన్నర. ఆ అడ్డగీతను చుక్కగా మార్చి మన లెక్కలో చదివితే ఎకరా ఇరవై సెంట్లే అవుతుంది. ముప్పై సెంట్ల భూమి ఒక గీతలో మాయమైంది.

మందుల విషయంలో వైద్యలోకం రెండు నియమాలు చెబుతుంది. పూర్ణసంఖ్య తరువాత చుక్క, సున్న పెట్టరాదు, 5.0 లోని చుక్క మాసిపోతే 50 అవుతుంది. ఒకటి కంటె తక్కువ మోతాదుకు చుక్క ముందు సున్న తప్పక ఉండవలెను; .5 లోని చుక్క కనబడకపోతే 5 అవుతుంది. రెండూ పదిరెట్ల పొరపాట్లే. రసాయనశాస్త్ర విద్యార్థి తన రికార్డులో ఈ నియమాలనే పాటించవచ్చు.

న్యాయస్థానాల దృష్టి

కామా మీద కోర్టులు శ్రద్ధ చూపుతాయా అనే సందేహం కలుగవచ్చు. 1952లో భారత సుప్రీం కోర్టు ఒక తీర్పులో, శాసనానికి అర్థం చెప్పేటప్పుడు విరామ చిహ్నం స్వల్పమైన అంశమే అని అభిప్రాయపడింది. అదే న్యాయస్థానం 1979లో మందుల చట్టం 27వ సెక్షన్‌ను పరిశీలించినప్పుడు ఒక కామా లేకపోవడాన్ని ముఖ్యంగా గమనించింది. ఆ ఇంగ్లీషు పాఠంలో ‘నిల్వచేయుట’ అనే అర్థమిచ్చే మాట తరువాత కామా లేదు. కాబట్టి తరువాత వచ్చే ‘అమ్మకం కొరకు’ అనే విశేషణం నిల్వకు కూడ వర్తిస్తుందని, వట్టి నిల్వ ఆ సెక్షన్ కింద నేరం కాదని నిర్ణయించింది. ఒక మనిషి స్వేచ్ఛ ఆ ఖాళీ స్థలం మీద ఆధారపడి ఉన్నది.

1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 20వ సెక్షన్ కూడ జ్ఞాపకం ఉంచుకోదగినది. దస్తావేజులో పంక్తుల మధ్య రాతలు, ఖాళీలు, చెరిపివేతలు, మార్పులు ఉంటే వాటికి పక్షాలవారు సంతకాలతోగాని పొడి సంతకాలతోగాని ధ్రువీకరించవలెను. లేనిచో రిజిస్ట్రారు దానిని తిరస్కరించవచ్చు. రాసిన తరువాత గీత కలపడం ఇంత కష్టమైనప్పుడు రాసేటప్పుడే సరిగా రాయడం సులభం గదా!

విద్యార్థులకు కొన్ని సూచనలు

1. ఉద్ధరణ చిహ్నాల మధ్య యథాతథమైన నకలు మాత్రమే ఉండవలెను. భావం మాత్రమే చెబుతున్నప్పుడు చిహ్నాలు వేయరాదు.

2. తెరిచిన చిహ్నాన్ని మూసినదాకా కలం దించరాదు. లోపల మరొక ఉద్ధరణ వస్తే ఒంటి చిహ్నం వాడవలెను.

3. వాక్యపు చుక్క వాక్యానికే చెందుతుంది, నకలులోనికి పోనీయరాదు.

4. గొప్ప కొరకు చిహ్నాలు వేయరాదు. ‘స్వచ్ఛమైన’ నెయ్యి అని బోర్డు రాయించిన వర్తకుడు తెలియకుండానే కొనేవారికి అనుమానం కలిగిస్తున్నాడు.

5. సర్వే నంబరు, విస్తీర్ణం, సొమ్ము, మోతాదు, తేదీ అనే అయిదింటిని ముసాయిదాతో కాక అసలు కాగితంతో, ఒకరు చదువుతుండగా మరొకరు చూస్తూ సరిపోల్చవలెను. చదివేవారు “రెండువందల పద్నాలుగు, ఏటవాలు గీత, మూడు” అని గుర్తును కూడ పైకి చదవవలెను.

6. సందేహం ఉన్న చోట కరణాల పద్ధతి పాటించి అంకెను మాటలలో మరల రాయవలెను.

మన కళాశాల విద్యార్థులలో అనేకుల ఇండ్లలో దరఖాస్తు రాయవలసి వచ్చినా, బ్యాంకు కాగితం చదవవలసి వచ్చినా, వైద్యుని చీటీ వివరించవలసి వచ్చినా చదువుకొన్న బిడ్డనే పిలుస్తారు. ఆ పెద్దలు తాము చదవలేని కాగితం మీద మన మాట నమ్మి వేలిముద్ర వేస్తారు. వారి పొలం హద్దురాళ్ళు చేనిలో ఉన్నవి. కాగితం మీది హద్దురాళ్ళు మన చేతిలో ఉన్నవి. వత్తులు, దీర్ఘాలు దిద్దిన నేను గీతను విడిచిపెట్టాను. మీరు విడిచిపెట్టకుందురు గాక!